తిరగని డిస్కు

శ్రావణమాసంలో అనంతగిరిలో ఉప్పు డబ్బా మూత తీస్తే ఉప్పు నీళ్లోడుతూ ఉంటుంది. అగ్గిపెట్టెను పొయ్యిగట్టు మీద దాచుకోకపోతే పుల్ల అంటుకోదు. శృంగవరపుకోట దాటి ఘాట్ రోడ్డు ఎక్కిన దగ్గర్నుంచీ మబ్బు మన వెంటే వచ్చి మనతో పాటే ఇంట్లో దిగుతుంది. కిటికీ మూసినా సందుల్లోంచి దూరి గోడ మీది పటాల వెనక, తోలు చెప్పుల మీద, పుస్తకాల అట్టల మీద బూజై కూర్చుంటుంది. కాఫీ తోటకు ఈ చెమ్మ ప్రాణం. అయస్కాంతపు పూతకు మాత్రం ఇదే చావు.

పోయిన శ్రావణంలో అక్కావాళ్లింటి అటక మీంచి నా రేకు పెట్టె దించాను. చదువుకునే రోజుల్లో దాచుకున్న ఫ్లాపీలు అందులో ఉన్నాయి. ఐదుంపావు అంగుళాలవి, నల్లటి చదరపు తొడుగుల్లో. ఒకదాన్ని నడిమధ్య రంధ్రంలో వేలు పెట్టి మెల్లగా తిప్పుతూ వెలుగుకు పట్టుకున్నాను. గోధుమరంగు పళ్లెం మీద ఆవగింజంత తెల్లచుక్కలు, ఒక్కో దాని చుట్టూ పొగలాంటి మసక. అరచేతిలో పెట్టుకుని చూస్తుంటే శిమిలిగుడ వైపు నుంచి గూడ్సు బండి కూత వినిపించింది.

కొత్తవలస–కిరండూల్ లైను అది. బైలదిల్లా ఇనప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి జపాను పంపడానికి 1960లలో ఈ కొండల్ని తొలిచి వేశారు. బొర్రా గుహల పక్కనుంచి వెళ్లే ఆ వ్యాగన్లలో ఉండేది హెమటైట్, అంటే ఇనుము రెండు పాళ్లు, ఆక్సిజన్ మూడు పాళ్లు. నా చేతిలో ఉన్న ఫ్లాపీ మీది పూత కూడా రసాయనంగా అదే. స్ఫటికంలో పరమాణువుల అమరిక ఒక్కటే తేడా. ఆ తేడా వల్ల వ్యాగన్‌లోని రాయి అయస్కాంతం చెప్పింది మరిచిపోతుంది, ఫ్లాపీ మీది పొడి గుర్తుపెట్టుకుంటుంది. ఎన్నేళ్లు గుర్తుపెట్టుకుంటుందన్నది ఆ పొడిని ప్లాస్టిక్ పళ్లేనికి అంటించిన జిగురు మీద ఆధారపడి ఉంటుంది. జిగురుకు తడి పడదు.

ఈ ఫ్లాపీలను చదివే యంత్రం కథ 1984లో మొదలవుతుంది, మనకు సంబంధించినంత వరకు. ఆ విద్యా సంవత్సరంలో కేంద్ర ప్రభుత్వం క్లాస్ అనే పథకం పెట్టింది. కంప్యూటర్ లిటరసీ అండ్ స్టడీస్ ఇన్ స్కూల్స్ అన్న పేరుకు పొట్టిరూపం. తొలి విడతగా దేశమంతటా 250 బడులను ఎంపిక చేసి వాటికి బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చారు. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జిలో ఏకార్న్ కంపెనీ 1981 డిసెంబరులో విడుదల చేసిన యంత్రం అది. 6502 ప్రాసెసర్, రెండు మెగాహెర్ట్జ్ వేగం, 32 కిలోబైట్ల మెమరీ. ఇవాళ ఫోనులో తీసిన ఒక్క ఫొటో కూడా అందులో పట్టదు. తర్వాత మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ వాళ్లు యూనికార్న్ పేరుతో దాన్ని ఇక్కడే తయారు చేశారు. 1989 ఫిబ్రవరిలో ఆ కర్మాగారంలో చెలరేగిన అగ్నిప్రమాదం దేశపు చిప్పుల కలనే చాలా ఏళ్లు వెనక్కి నెట్టింది. ఆ కథ వేరే చెప్పుకోవాల్సినంత పెద్దది.

మా బడికి కూడా కొన్నాళ్లకు ఆ కంప్యూటర్ వచ్చింది. బడిలో ఏసీ ఉన్న ఒకే ఒక్క గది దానిదే. చెప్పులు బయట విడిచి, కాళ్లు తుడుచుకుని, గుళ్లోకి వెళ్లినట్టు వెళ్లేవాళ్లం. మీట నొక్కగానే ఒక మొద్దు శబ్దం, వెంటనే ఒక సన్న కూత. నల్లటి తెర మీద బీబీసీ కంప్యూటర్ 32కే అని ఒక వరుస, కింద ఏకార్న్ డీఎఫ్ఎస్ అని మరొకటి, ఆ కింద బేసిక్, చివర బాణం ములుకులాంటి గుర్తు. ఆ ములుకు పక్కన మినుకుమంటున్న గీత, మనం ఏం చెబుతామా అని ఎదురుచూస్తూ. డ్రైవులో ఫ్లాపీ పెట్టే అధికారం మాస్టారిది. మాకు దక్కింది టైప్ చెయ్యడం. నక్షత్రం గుర్తు కొట్టి క్యాట్ అని రాస్తే డ్రైవు గుర్రుమని, ఎర్ర దీపం వెలిగి, ఫ్లాపీలోని ఫైళ్ల పేర్లు తెర మీదికి వచ్చేవి. మొత్తం 31కి మించి ఉండవు. ఒక్కో పేరు ఏడు అక్షరాలకు మించకూడదు. నక్షత్రంతో మొదలైన ఏ మాటనైనా బేసిక్ ముట్టుకోకుండా నేరుగా ఆపరేటింగ్ సిస్టంకు అందిస్తుంది. అది ఆ యంత్రంలో నాకు అన్నిటికన్నా నచ్చిన మర్యాద.

రెండేళ్లు తిరక్కుండా డ్రైవు పాడైంది. బాగుచేసేవాళ్లు రాలేదు. కంప్యూటర్ నిక్షేపంగా ఉంది, డ్రైవు ఒక్కటే పోయింది. ఆ ఒక్కదాని కోసం గదికి తాళం పడింది. మేం బడి వదిలే దాకా అది తెరుచుకోలేదు. నాకు ఇప్పటికీ మింగుడుపడని సంగతి ఇదే. ప్రాసెసర్‌లో కదిలే భాగం లేదు, మెమరీలో లేదు, వాటికి అరుగుదల లేదు. అరిగేది నిమిషానికి 300 చుట్లు తిరిగే ఆ పళ్లెమూ, దాన్ని రాసుకుంటూ నడిచే హెడ్డూ. పాత కంప్యూటర్లలో ముందు చచ్చేది దాదాపు ఎప్పుడూ నిల్వచోటే. దానితో పాటు బతికున్న యంత్రాన్ని కూడా పూడ్చిపెట్టేశాం.

ఆ గది తాళం నా మనసులో ఉండబట్టే, చాలా ఏళ్ల తర్వాత విశాఖలో ఒక పాత సామాన్ల కొట్లో తూకానికి పడి ఉన్న బీబీసీ మైక్రో కనిపిస్తే కొనేశాను. మీట నొక్కగానే పవర్ సప్లైలో ఒక కెపాసిటర్ పొగ చిమ్మి పోయింది. రెండు కొత్తవి వేస్తే యంత్రం లేచింది. అదే మొద్దు శబ్దం, అదే సన్న కూత. డ్రైవు మాత్రం లేదు.

ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోవాలి. కంప్యూటర్‌కు డిస్కు అంటే ఏమిటో తెలుసా? తెలియదు. అది ఎప్పుడూ డిస్కును చూడలేదు. 34 తీగల కేబులు అవతల ఎవరో ఉన్నారని మాత్రమే దానికి తెలుసు. పన్నెండో ట్రాకుకు వెళ్లు అంటుంది, వెళ్లాను అన్న జవాబు రావాలి. మూడో సెక్టారు ఇవ్వు అంటుంది, 256 బైట్లు రావాలి. అడిగిన వేళకు, అడిగిన లయలో జవాబు వస్తే చాలు. అవతల తిరుగుతున్నది పళ్లెమా, కూర్చున్నది వేలిగోరంత ఎస్డీ కార్డా అన్నది దానికి పట్టదు. మన పల్లెల్లో పగటివేషాల వాళ్లు అమీను వేషం కట్టుకుని వాకిట్లో నిలబడితే, నడక, మాట, దస్తావేజు కట్ట అన్నీ సరిగ్గా ఉంటే, పెద్దమనుషులు కూడా లేచి కుర్చీ వేసేవారట. నిల్వచోటుకు వేషం కట్టించడమూ ఇలాంటిదే.

ఆ వేషం ఎక్కడ కట్టాలన్న దాంట్లో మూడు పద్ధతులున్నాయి.

కేబులు చివర కట్టడం ఒకటి. గోటెక్ అనే చైనా డబ్బా ఆ పని చేస్తుంది. మొదట దాన్ని తయారు చేసింది మనలాంటి పాత కంప్యూటర్ల పిచ్చివాళ్ల కోసం కాదు, ఫ్లాపీతో డిజైన్లు ఎక్కించుకునే ఎంబ్రాయిడరీ మిషన్లు, లేతు మిషన్లు, సంగీతపు కీబోర్డుల కోసం. ఫ్లాపీల తయారీ ఆగిపోయినా ఆ మిషన్లు ఇంకా కుడుతూనే ఉన్నాయి కాబట్టి. కీర్ ఫ్రేజర్ అనే ఇంజనీరు దానిలోని సాఫ్ట్‌వేర్‌ను పూర్తిగా మార్చి, ఫ్లాష్‌ఫ్లాపీ అని రాసి అందరికీ ఉచితంగా ఇచ్చాక, అది చాలా రకాల పాత కంప్యూటర్లకు ఫ్లాపీ డ్రైవులా నటించగలిగింది. పెన్‌డ్రైవులో ఇమేజ్ ఫైళ్లు పెట్టుకుని, ముందున్న రెండు బటన్లు నొక్కుతూ ఏ ఫ్లాపీ కావాలో ఎంచుకోవాలి.

రెండోది స్కజీ తీగ మీద కట్టడం. 1986లో ఆపిల్ మెకింతాష్ ప్లస్ బయటికి వచ్చినప్పుడు దాని వెనక స్కజీ పోర్టు ఉంది. ఒకే తీగ మీద సున్నా నుంచి ఏడు దాకా ఎనిమిది మంది కూర్చోవచ్చు. ఒక అంకె కంప్యూటర్‌ది, సాధారణంగా ఏడు. మిగతావి డిస్కులవి. జపానులో షార్ప్ ఎక్స్68000 కంప్యూటర్ల అభిమాని ఒకరు, గిమన్స్ అన్న మారుపేరుతో, రాస్‌ప్‌బెర్రీ పై అనే చిన్న బోర్డును ఆ తీగ మీద డిస్కుగా కూర్చోబెట్టే రాస్కజీ రాశారు. ఇప్పుడు దాని కొత్త రూపం పేరు పైస్కజీ. బ్లూస్కజీ అనే మరో బోర్డు కూడా ఉంది, అందులో ఫైలు పేరులోనే ఆ డిస్కు అంకె రాస్తాం. పైస్కజీలో మాత్రం స్కజీ కంట్రోల్ అనే కమాండ్ ఉంది. ఇంకో గదిలో కూర్చుని, నెట్‌వర్క్ మీదుగా ఆ బోర్డులోకి లాగినై, రెండో అంకె మీద ఈ ఫైలును తగిలించు, మూడో అంకె మీదున్న సీడీని బయటికి తియ్యి, ఈ డిస్కు మీద రాతకు అడ్డం పెట్టు, ఇప్పుడు ఏ అంకె మీద ఏముందో చూపించు అని ఒక్కో వరుసలో చెప్పొచ్చు. ముప్ఫై ఏళ్ల కిందటి మెకింతాష్ తెర మీద ఒక డిస్కు బొమ్మ మాయమై ఇంకోటి ప్రత్యక్షమవుతుంది. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.

మూడోది నా యంత్రానికి పనికొచ్చింది. కేబులు దాకా పోకుండా, ప్రశ్న పుట్టే చోటే వేషం కట్టడం. బీబీసీ మైక్రోలో ఫైళ్ల వ్యవహారం చూసేది డీఎఫ్ఎస్ అనే రోం చిప్పు. మదర్‌బోర్డు మీద అలాంటి చిప్పులకు సాకెట్లున్నాయి. డీఎఫ్ఎస్ తీసి దాని చోట ఎంఎంఎఫ్ఎస్ అనే చిప్పు పెడితే సరి. మార్టిన్ మేథర్ అనే అభిమాని రాసినదాన్ని మరికొందరు విస్తరించి దీన్ని నిలబెట్టారు. పాత చిప్పు అర్థం చేసుకునే మాటలు దాదాపు అన్నీ కొత్తది కూడా అర్థం చేసుకుంటుంది. కాకపోతే సమాచారం కోసం ఫ్లాపీ కంట్రోలర్ వైపు కాకుండా, యంత్రం అడుగున ఉన్న యూజర్ పోర్టుకు తగిలించిన ఎస్డీ కార్డు వైపు తిరుగుతుంది.

ఆ కార్డులో ఒకే ఒక్క పెద్ద ఫైలు ఉంటుంది. మొదటి 8192 బైట్లు విషయసూచిక, ఆ వెనక 511 డిస్కులు, ఒక్కోటి 204,800 బైట్లు. అంటే 80 ట్రాకులు, ట్రాకుకు పది సెక్టార్లు, సెక్టారుకు 256 బైట్లు. పాత ఫ్లాపీ ఒక వైపు కొలత తుచ తప్పకుండా ఇదే. అన్నీ కలిపి నూరు మెగాబైట్ల పైచిలుకు. నేను వాడేది పదహారు గిగాబైట్ల కార్డు, దాని మీద ఈ ఫైలు ఎక్కడో ఒక మూల ఇమిడిపోతుంది. ఈ లెక్క చూసినప్పుడల్లా నాకు బడిలోని తాళం వేసిన గది గుర్తొస్తుంది. అక్కడి బీరువాలో ఉన్న ఫ్లాపీలన్నీ కలిపినా 511 ఉండవు.

ఇక కమాండ్ల సంగతి. నక్షత్రం కొట్టి డీ-క్యాట్ అంటే కార్డులోని డిస్కుల జాబితా వస్తుంది. నక్షత్రం, డిన్, డ్రైవు అంకె, డిస్కు అంకె వరసగా కొడితే ఆ డిస్కు ఆ డ్రైవులోకి వెళ్లినట్టే. అంకె గుర్తులేకపోతే పేరు రాసినా ఒప్పుకుంటుంది. నక్షత్రం, డీ-డ్రైవ్ అంటే సున్నా నుంచి మూడు దాకా ఏ డ్రైవులో ఏముందో చెబుతుంది. పాత రోజుల్లో సున్నా, రెండు అనేవి ఒకే ఫ్లాపీకి ఉన్న రెండు వైపులు. ఇప్పుడు నాలుగూ దేనికది.

గోటెక్ బటన్ల కంటే ఈ టైప్ చేసే పద్ధతే నాకు నచ్చుతుంది. దానికి పాత అలవాటు ఒక్కటే కారణం కాదు. బటన్ నొక్కాలంటే మనిషి పక్కన ఉండాలి. కమాండ్‌ను ప్రోగ్రాంలో రాయొచ్చు. బేసిక్ రెండో కూర్పులో ఓఎస్-సీఎల్ఐ అనే మాట ఉంది. దాని పక్కన ఏ నక్షత్రం కమాండ్‌నైనా అంకెలతో కలిపి కుట్టి పంపొచ్చు. నేను రాసింది నాలుగు వరుసలు. సున్నా నుంచి 510 దాకా లెక్కపెట్టు, ఒక్కో అంకెకు ఆ డిస్కును సున్నా డ్రైవులో పెట్టు, దాని ఫైళ్ల జాబితా చూపించు, తర్వాతిది. రాత్రి మొదలుపెట్టి పడుకుంటే, యంత్రం తనంతట తనే ఒకదాని తర్వాత ఒకటి డిస్కులు మార్చుకుంటూ పోయింది. బడిలో మాస్టారికి తప్ప ఎవరికీ లేని అధికారం.

ఇదంతా ఎస్డీ కార్డులోకి ఏదైనా ఎక్కాక మాట. అటక మీది ఫ్లాపీల్లో ఉన్నది ఇంకా ఎక్కలేదు. వాటిని ముందు చదవాలి.

విశాఖలో ఒక మిత్రుడి దగ్గర పనిచేసే ఐదుంపావు డ్రైవు ఒకటి ఉంది. దాన్ని గ్రీజ్‌వీజిల్ అనే చిన్న బోర్డుకు తగిలించి లాప్‌టాప్‌కు కలిపాం. ఇదీ కీర్ ఫ్రేజర్ చేతి పనే. మామూలు డ్రైవు కంట్రోలర్ ఫ్లాపీ మీద ఉన్నదాన్ని అర్థం చేసుకుని బైట్లుగా ఇస్తుంది, అర్థం కాకపోతే తప్పుందని చెప్పి చేతులెత్తేస్తుంది. గ్రీజ్‌వీజిల్ అర్థం చేసుకోవడం తర్వాతి పని అనుకుంటుంది. అయస్కాంత దిశ ఎక్కడెక్కడ తిరగబడిందో, ఒక తిరుగుబాటుకూ ఇంకోదానికీ మధ్య ఎంత కాలం గడిచిందో, అంతే రాసుకుంటుంది. నా ఫ్లాపీల మీద ఆ ఎడం నాలుగు మైక్రోసెకన్లు గానీ ఎనిమిది గానీ ఉండాలి. బూజు తిన్న చోట ఐదూ ఆరూ ఏడూ కనిపిస్తాయి. ఒకే ట్రాకును పది చుట్లు చదివించి, ఏ చుట్టులో ఏ సెక్టారు సరిగ్గా వచ్చిందో ఏరుకుంటాం. ఇక్కడ కూడా మౌస్ పని లేదు. ఏ రకం ఫ్లాపీయో, ఎన్ని చుట్లు చదవాలో, ఏ పేరుతో దాచాలో ఒక్క వరుసలో కొట్టి ఎంటర్ నొక్కాలి.

దానికి ముందు కడగాలి. తొడుగు అంచు బ్లేడుతో కోసి, పళ్లేన్ని బయటికి తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తడిపిన మెత్తని గుడ్డతో మధ్య నుంచి అంచుకు, ఎప్పుడూ చుట్టూ కాకుండా, తుడవాలి. చుట్టూ తుడిచినప్పుడు గీత పడిందంటే ఒక ట్రాకు మొత్తం పోతుంది, అడ్డంగా పడితే ఒక్కో ట్రాకులో ఒక్కో ముక్కతో పోతుంది. మొదటి పళ్లెం తుడిచినప్పుడు గుడ్డకు గోధుమరంగు అంటింది. గుండె జారిపోయింది. బూజుతో పాటు కాస్త జ్ఞాపకం కూడా గుడ్డకు వచ్చేసిందన్నమాట. అక్క కాఫీ గ్లాసు పట్టుకొచ్చి చూసి, "ఏటిరా, ఆపరేషనా?" అంది. అవునన్నాను. పెట్టెలో సగం పైన బతికాయి. కొన్ని పూర్తిగా పోయాయి, వాటిని కూడా పారెయ్యలేదు.

ఈ చోట నాకు పెద్ద సంగతి ఒకటి గుర్తుకొస్తుంది. ఇదే కొండల్లో, అరకు లోయలో కొండదొరల నోట విని భద్రిరాజు కృష్ణమూర్తి గారు వాళ్ల భాషను పరిశోధించి, కొండ లేక కూబి అనే ఆ భాష వ్యాకరణాన్ని 1969లో పుస్తకంగా తెచ్చారు. సరిగ్గా అదే సంవత్సరం హైదరాబాద్ ఈసీఐఎల్ నుంచి టీడీసీ-12 అనే కంప్యూటర్ వచ్చింది. 1967 ఏప్రిల్ 11న మొదలైన ఆ సంస్థను నడిపింది పశ్చిమగోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు గారు. ఇవాళ హైదరాబాదులో ఏఎస్ రావు నగర్ ఆయన పేరే. బయటి దేశాలు అమ్మని యంత్రాన్ని మనమే కట్టుకుందామన్న పట్టుదలతో పన్నెండు బిట్ల ఆ కంప్యూటర్, ఆ తర్వాత 1974లో టీడీసీ-312, 1975లో టీడీసీ-316 వచ్చాయి. కృష్ణమూర్తి గారి పుస్తకం తీస్తే ఇవాళ కూడా, దీపం వెలుగు ఉంటే చాలు, చదువుకోవచ్చు. అంతకు ఇరవై ఏళ్ల తర్వాతి ఫ్లాపీని చదవాలంటే ఒక డ్రైవు, ఒక బోర్డు, ఒక ప్రోగ్రాం, ఒక రోజంతా ఓపిక కావాలి.

ఇంగ్లండువాళ్లకు కూడా ఇది దెబ్బ కొట్టాకే తెలిసింది. 1086లో అక్కడి రాజు దేశమంతా లెక్కలు రాయించిన డూమ్స్‌డే పుస్తకానికి తొమ్మిది వందల ఏళ్లు నిండాయని, 1986లో బీబీసీ వాళ్లు బడిపిల్లలతో కొత్త డూమ్స్‌డే తయారు చేయించి, బీబీసీ మాస్టర్ కంప్యూటర్‌తో నడిచే లేజర్ డిస్కుల మీద పెట్టారు. ఇరవై ఏళ్లు తిరక్కుండా ఆ డిస్కులు నడిపే ప్లేయర్లు కరువయ్యాయి. పాత తోలు పుస్తకం మాత్రం అలాగే ఉంది. ఆ కొత్త డూమ్స్‌డేను బతికించే పనిలో సైమన్ ఇన్స్ అనే ఆయన, ఆ లేజర్ ప్లేయర్ వేషమూ హార్డ్‌డిస్కు వేషమూ కట్టగలిగే బీబ్‌స్కజీ అనే బోర్డు తయారు చేశారు. ఆ యంత్రం తన ప్లేయరే అవతల ఉందనుకుని పని చేస్తుంది.

పెద్ద యంత్రాలకు ఈ బాట 1993లోనే పడింది. బాబ్ సప్నిక్ అనే ఆయన సిమ్-హెచ్ అనే ప్రోగ్రాం మొదలుపెట్టారు. గది నిండా ఉండే పీడీపీ-11, వాక్స్ యంత్రాలను, డిస్కులతో సహా, మామూలు కంప్యూటర్‌లో తిరిగి లేపే ప్రోగ్రాం అది. అందులో డిస్కు పెట్టడమంటే అటాచ్ అని రాసి, డ్రైవు పేరూ ఫైలు పేరూ ఇవ్వడమే. అప్పట్లో ఇద్దరు మనుషులు మోసిన డిస్కు ఇప్పుడు మూడు మాటల్లో ఎక్కుతుంది.

తెలుగుకు ఇంకో చిక్కు ఉంది. ఫ్లాపీ బతికి, ఫైలు తెరుచుకున్నా, అక్షరాలు అర్థం కావు. పుణె సీడాక్ వాళ్ల జిస్ట్ కార్డు వేసుకున్న కంప్యూటర్లో రాసింది ఒక రకం, ఒక్కో డీటీపీ కంపెనీ తన ఫాంటుకు తాను పెట్టుకున్న అంకెల్లో రాసింది ఒక్కో రకం. భారతీయ లిపులకు ఇస్కీ ప్రమాణం 1991లో వచ్చింది, యూనికోడ్ మొదటి కూర్పులో తెలుగు కూడా అదే ఏడు చోటు సంపాదించుకుంది, కానీ పత్రికాఫీసులు, అచ్చాఫీసులు చాలా ఏళ్లు తమ ఫాంట్ల దారిలోనే నడిచాయి. ఆ ఫాంటు పోతే, ఫైలు నిండా ఉన్నవి అర్థంలేని గీతలే. ఆశ్చర్యం ఏమిటంటే ఈ గండం గడిచినవి అమెరికా తెలుగువాళ్ల రాతలు. హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీలో 1990ల ఆరంభంలో మన పిల్లలు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతి కట్టారు. అప్పుడు చాలామంది ముఖం చిట్లించారు, తెలుగును ఇంగ్లీషులో రాయడమేమిటని. ఆ ఫైళ్లు ఇవాళ ఏ కంప్యూటర్‌లో తీసినా అక్షరం పొల్లుపోకుండా ఉన్నాయి, కావాలంటే ఒక్క ప్రోగ్రాంతో తెలుగులోకి మారతాయి. ఏ సాదా అక్షరాల్నైతే తక్కువ చేసి చూశామో అవే నిలబడ్డాయి.

నా ఫ్లాపీల్లో ఉన్నది ఇలాంటి చిక్కుల కంటే ముందు కాలపు పని. బడిలో ఉండగా బీబీసీ మైక్రోకు తెలుగు నేర్పాలని తెగ ఆశపడేవాణ్ని. వీడీయూ 23 అనే మాటతో ఒక్కో అక్షరం బొమ్మను మనమే చెక్కొచ్చు. నిలువు ఎనిమిది, అడ్డం ఎనిమిది గళ్లు. ఒక్కో వరుసకు ఒక అంకె, నడిమి నాలుగు గళ్లు నింపితే 60, రెండు చివర్లు నింపితే 129. గళ్ల పుస్తకంలో పెన్సిల్‌తో గీసి, కూడి, ఎనిమిది అంకెలు రాసుకునేవాణ్ని. ఇంగ్లీషు అక్షరానికి ఎనిమిది గళ్లు సరిపోతాయి. మన 'ఘ' పట్టదు, 'ణ' పట్టదు. రెండు బొమ్మలు పక్కపక్కన అతికించాలి. యంత్రం సుళువుగా ఇచ్చేది 32 బొమ్మలే, అంటే ఒకేసారి పదహారు అక్షరాలే. అందుకే అచ్చులు ఒక ఫైలు, హల్లులు మూడు ఫైళ్లు. అక్షరం మారితే ఫైలు మార్చాలి, ఫైలు మారితే డ్రైవు గుర్రుమనాలి.

కడిగిన ఫ్లాపీల్లో ఆ నాలుగు ఫైళ్లూ దొరికాయి. ఎస్డీ కార్డులో ఏడో డిస్కుగా ఎక్కించాను. ఇంటర్ చదివే మేనకోడలు పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. బయట మబ్బు కిటికీని పూర్తిగా మూసేసింది. నక్షత్రం, డిన్, సున్నా, ఏడు. చప్పుడు లేదు, దీపం లేదు, ఏదీ తిరగలేదు. ములుకు గుర్తు వెంటనే కిందికి దిగింది.

"అంతేనా మావయ్యా?" అంది.

"అంతే."

మూడో హల్లుల ఫైలు తెచ్చాను. నల్ల తెర మీద గళ్లగళ్లుగా, తెల్లటి చుక్కలతో కట్టిన అక్షరాలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. య, ర, ల, వ. ఎవరూ నేర్పకుండా పదమూడేళ్లవాడు గీసినవి కాబట్టి 'వ' కాస్త ఒరిగి ఉంది. శ, ష, స, హ, ళ. ఆ తర్వాతి దాని దగ్గర ఆమె వేలు పెట్టింది.

"ఇదేటి? ఇలాంటి అక్షరం లేదు కదా."

"ఉంది. బండి ఱ. మా వాచకంలో ఉండేది."

ఆమె దాన్ని కాసేపు చూసి, కీబోర్డు తన వైపు లాక్కుని, నక్షత్రం కొట్టింది. డిన్. సున్నా. ఎనిమిది.